పగలు అంగడి, సాయంత్రం కళాశాల: బస్తర్ నేలకు తగిన ఒక కట్టడం

ఇంద్రావతి బస్తర్ పీఠభూమిని దాటి భోపాల్‌పట్నం దిగువన గోదావరిలో కలుస్తుంది. శబరి కూనవరం దగ్గర కలుస్తుంది. ఆ నీళ్ళు మన వైపే వస్తాయి కానీ, అవి దాటి వచ్చిన నేల గురించి మనకు తెలిసింది తక్కువ. కాకతీయుల పతనం తర్వాత ఆ వంశానికే చెందిన అన్నమదేవుడు అక్కడ రాజ్యం స్థాపించాడని చరిత్ర చెబుతుంది. కోంటా, భోపాల్‌పట్నం ప్రాంతాల్లో నేటికీ తెలుగు వినిపిస్తుంది. ఛత్తీస్‌గఢ్‌లో ఏడు జిల్లాలుగా విస్తరించిన ఈ బస్తర్ ప్రాంతం చేతివృత్తులకు పెట్టింది పేరు. కొండగావ్‌లో ఘడ్వా కులస్థులు పోతపోసే డోక్రా ఇత్తడి బొమ్మలు, లోహారులు కొలిమిలో కాల్చి సాగగొట్టి చేసే ఇనుప బొమ్మలు, కొయ్య చెక్కడాలు, తొగరు వేరు రంగుతో నేసే చీరలు, ఎండిన సొరకాయ బుర్రలపై కాల్చిన కత్తితో వేసే నగిషీలు ఈ ప్రాంతపు సొత్తు. వీటిలో డోక్రా, ఇనుప, కొయ్య కళలకు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది.

ఈ వస్తువులను అమ్మడానికి చోట్లున్నాయి. రాష్ట్ర హస్తశిల్ప అభివృద్ధి బోర్డు నడిపే దుకాణాలకు మన శబరి పేరే పెట్టారు. యువతకు కళలు నేర్పడానికీ చోటుంది. జగదల్‌పూర్ శివారు ఆసనా గ్రామంలో 2021లో బస్తర్ నృత్య, కళా, సాహిత్య అకాడమీ మొదలైంది. దాని పొట్టి పేరు 'బాదల్', అంటే హిందీలో మేఘం. అయితే అమ్మే చోటు ఒకటి, నేర్చుకునే చోటు మరొకటి. దుకాణంలో కొనేవారికి చేసిన చెయ్యి కనిపించదు. నేర్చుకునే కుర్రవాడికి తన బొమ్మను ఎవరు, ఎందుకు కొంటున్నారో తెలియదు. పైగా దుకాణం సాయంత్రానికి మూతపడుతుంది, శిక్షణ కేంద్రం పగలంతా సగం ఖాళీగా ఉంటుంది. సిమెంటు, ఇనుము, డబ్బు పోసి కట్టిన రెండు భవనాలు చెరి సగం రోజు పనిచేస్తున్నాయన్నమాట.

ఈ రెండు పనులనూ ఒకే కప్పు కిందికి తేవడం బస్తర్‌కు కొత్త ఆలోచన కాదు. అక్కడి వారపు సంత ఎప్పుడూ కేవలం బేరాల చోటు కాదు. చుట్టాలు కలుసుకునే చోటు, వార్తలు తెలిసే చోటు, కోడిపందేలు జరిగే చోటు కూడా అదే. ఇక మురియా గోండుల ఘోటుల్ గురించి మానవశాస్త్రం చదివినవారందరికీ తెలుసు. పెళ్ళికాని యువతీయువకులు సాయంత్రం చేరి పాట, ఆట, డోలు, దువ్వెనలు చెక్కడం, ఊరి కట్టుబాట్లు అన్నీ నేర్చుకునే ఇల్లు అది. వెరియర్ ఎల్విన్ దానిపై రాసిన పెద్ద గ్రంథం 1947లో వెలువడింది. బయటివాళ్ళు ఘోటుల్‌లోని శృంగారాన్నే పట్టుకుని వేలాడారు తప్ప, అదొక బడి అన్న సంగతి చాలామందికి పట్టలేదు.

కాబట్టి ఇక్కడ ప్రశ్న ఆలోచనది కాదు, కట్టడానిది. పగలు అంగడిగా, సాయంత్రం యువతకు కళల కేంద్రంగా ఉండే భవనం బస్తర్ ఎండకు, వానకు, చెదలకు, డోలు మోతకు, ఇత్తడి కొలిమి పొగకు తట్టుకుని నిలబడాలంటే భౌతిక, రసాయన శాస్త్రాలు ఏం చెబుతాయో చూద్దాం.

సాయంత్రం ఐదింటి వేడి

జగదల్‌పూర్ సముద్రమట్టానికి సుమారు 550 మీటర్ల ఎత్తున ఉంది. మే నెలలో పగటి ఉష్ణోగ్రత 38 డిగ్రీల దరిదాపులకు చేరుతుంది. అయితే పీఠభూమి కాబట్టి రాత్రి గాలి బాగా చల్లబడుతుంది. ఈ తేడాయే మనకు దొరికిన వనరు.

గోడకు గానీ కప్పుకు గానీ బయట తగిలిన వేడి వెంటనే లోపలికి రాదు. పదార్థం ఉష్ణాన్ని ఎంత వేగంగా ప్రసరింపజేస్తుంది, ఎంత దాచుకుంటుంది, ఎంత మందం ఉంది అన్నదాన్ని బట్టి ఆలస్యమవుతుంది. లెక్క వేస్తే 12 సెంటీమీటర్ల కాంక్రీటు శ్లాబుకు ఈ ఆలస్యం మూడు గంటలకు కాస్త ఎక్కువ. 30 సెంటీమీటర్ల మట్టి గోడకు దాదాపు పది గంటలు.

ఈ అంకెలను రోజువారీ పనివేళల పక్కన పెట్టి చూడండి. మధ్యాహ్నం రెండింటి ఎండ కాంక్రీటు శ్లాబు అడుగుకు చేరేది సాయంత్రం ఐదు, ఆరు గంటల మధ్య. సరిగ్గా బడి వదిలిన పిల్లలు వచ్చి కూర్చునే వేళ. తల మీద నుంచి వేడి కొడుతుంటే ఫ్యాను ఆ వేడి గాలినే తిప్పుతుంది. అదే ఎండ మట్టి గోడ లోపలి ముఖానికి చేరేది అర్ధరాత్రి. అప్పుడు లోపల ఎవరూ ఉండరు, బయట గాలి చల్లగా ఉంటుంది. కిటికీలు తెరిచి ఉంటే ఆ వేడి అటే పోతుంది, తెల్లారేసరికి గోడ చల్లబడి మర్నాటికి సిద్ధంగా ఉంటుంది. పగలు మాత్రమే నడిచే దుకాణానికి కాంక్రీటు కప్పు కొంతవరకు ఫరవాలేదు. రెండు పూటలా వాడే భవనానికి మాత్రం అది చెడ్డ ఎంపిక.

కప్పును 30 సెంటీమీటర్ల మట్టితో వేయలేం కదా అంటే, దానికీ పాత ఉపాయముంది. పైన దేశవాళీ పెంకులు, వాటి కింద ఒక మూర ఖాళీ, ఆ కింద వెదురు తడికపై మట్టి మెత్తిన అటక. ఎండకు కాగేది పెంకు. మధ్యలో ఖాళీలోని గాలి వేడెక్కి తేలికై కప్పు కొన దగ్గర వదిలిన సందుల గుండా బయటికి పోతుంది. మన పల్లెల్లో అటక ఉన్న పెంకుటిళ్ళు వేసవిలో ఎందుకు చల్లగా ఉండేవో దీన్ని బట్టి అర్థమవుతుంది.

ఒక చిక్కుంది. రాత్రి కిటికీలు తెరిచి ఉంచాలి, లోపల లక్షల సరుకుంది. దుకాణదారుడెవరూ ఒప్పుకోడు. ఇక్కడ బస్తర్ ఇనుప పనివారే అక్కరకొస్తారు. వారు సాగగొట్టి చేసిన జింకలు, చెట్లు, డోలు వాయించే మనుషులతో కిటికీ ఊచలు చేయిస్తే గాలికి దారి, దొంగకు అడ్డు, కొట్టుకు సైన్‌బోర్డు మూడూ అవుతాయి.

సూర్యుడు ఏ వైపు?

జగదల్‌పూర్ సుమారు 19.1 డిగ్రీల ఉత్తర అక్షాంశంపై ఉంది. కర్కటరేఖకు దిగువన ఉన్న చోట్లలో సూర్యుడు ఏడాదికి రెండుసార్లు నడినెత్తిన వస్తాడు. ఇక్కడ అది మే మూడోవారంలో ఒకసారి, జులై చివరి వారంలో మరోసారి. ఆ రెంటి నడుమ మధ్యాహ్న సూర్యుడు ఉత్తరం వైపే ఉంటాడు. డిసెంబరు 21న మాత్రం దక్షిణాన 47.5 డిగ్రీల ఎత్తుకే వస్తాడు.

దక్షిణపు కిటికీపై 60 సెంటీమీటర్ల చూరు దించితే, మార్చి 21 మధ్యాహ్నం అది 1.7 మీటర్ల లోతు దాకా నీడనిస్తుంది. అంటే కిటికీ మొత్తం నీడలోనే. డిసెంబరులో అదే చూరు నీడ 65 సెంటీమీటర్లే, కాబట్టి చలికాలపు ఎండ లోపలికి వస్తుంది. తూర్పు, పడమరల సంగతి వేరు. అక్కడ సూర్యుడు కిందికి వాలి ఉంటాడు కాబట్టి ఎంత చూరు దించినా లాభం లేదు. అందుకే పడమటి వైపు సరుకు గది, మరుగుదొడ్లు పెట్టి, మనుషులు కూర్చునే చోటును వాటి వెనక దాచాలి.

వెలుతురులోనూ అంగడికి, పనిగదికి అవసరాలు వేరు. మైనపు దారం చుట్టేవారికి, చెక్కేవారికి పనిపీటపై కనీసం 500 లక్స్ కావాలి. ఉత్తరపు కిటికీ పక్కన పగటిపూట ఇది సులువుగా దొరుకుతుంది, కరెంటు అక్కర్లేదు. నేత బట్టలు మాత్రం ఆ కిటికీకి దూరంగా ఉండాలి. సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణాలు సహజ రంగుల అణువులను విడగొడతాయి, తొగరు ఎరుపు వెలిసిపోతుంది. బట్టల దగ్గర మంచి రంగు చూపే ఎల్‌ఈడీ దీపాలు పెట్టడం మేలు. చవక దీపం కింద తొగరు ఎరుపు మట్టిరంగులా కనిపిస్తుంది, కొనేవారు ముందుకు సాగిపోతారు.

దేనితో కట్టాలి?

సిమెంటు గురించి ఒక్క సమీకరణం చాలు. సున్నపురాయిని కాలిస్తే సున్నం, కార్బన్ డై ఆక్సైడ్ వస్తాయి. వంద గ్రాముల శుద్ధ సున్నపురాయి నుంచి 44 గ్రాములు గాలిలో కలుస్తుంది. సిమెంటుకు మూలమైన క్లింకర్‌లో దాదాపు మూడింట రెండు వంతులు సున్నమే కాబట్టి, టన్ను క్లింకర్‌కు 500 కిలోలకు పైగా కార్బన్ డై ఆక్సైడ్ కేవలం ఈ రసాయన చర్య వల్లనే వెలువడుతుంది. బట్టీ కాల్చే బొగ్గు లెక్క దీనికి అదనం. ఆ బొగ్గు స్థానంలో ఏ హరిత ఇంధనం వాడినా మొదటి 500 కిలోలు తగ్గవు.

బస్తర్‌లో ఎర్రటి మొరం నేల, రాయి, వెదురు కాలికింద ఉన్నవే. తీరథ్‌గఢ్ చుట్టుపక్కల పలకలుగా విడివడే రాయిని జనం పొలాలకు కంచెలుగా నిలబెట్టడం రోడ్డు మీద వెళ్ళేవారికీ కనిపిస్తుంది. అరుగుకు, నేలకు ఆ పలకలే చాలు. గోడలకు మొరం మట్టిలో 5 నుంచి 8 శాతం సిమెంటు కలిపి యంత్రంతో అదిమిన ఇటుకలు వాడవచ్చు. వీటిని కాల్చాల్సిన పని లేదు, కాబట్టి కట్టెలు మిగులుతాయి. మట్టిని మరీ ఆరాధించాల్సిన పనీ లేదు. ఏడాదికి 1,400 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా వాన పడే చోట, రెండు అడుగుల రాతి అరుగు, మీటరు పైచిలుకు చూరు లేకుండా మట్టి గోడ కట్టడం డబ్బు నీళ్ళలో పోయడమే. దూలాలు, పెద్ద గదుల కప్పు వంటి చోట్ల కొంత కాంక్రీటు, ఉక్కు తప్పవు. లారీ బేకర్ కేరళలో విరివిగా వాడిన పద్ధతిలో, శ్లాబు అడుగు భాగాన పెంకులు నింపితే కాంక్రీటు ఆదా అవుతుంది. శ్లాబు అడుగున ఉండే కాంక్రీటు బరువే తప్ప బలం పెద్దగా ఇవ్వదు. అక్కడి లాగుడును భరించేది ఇనుప కడ్డీలు కదా.

వెదురు దగ్గర చాలా ప్రాజెక్టులు దెబ్బతింటాయి. వెదురులో పిండిపదార్థం ఉంటుంది, దాని కోసమే చెక్క తొలిచే పురుగులు వస్తాయి. చిన్న చిన్న రంధ్రాల నుంచి పసుపు పొడి రాలుతుంటే లోపల పని అయిపోయినట్టే. కొత్త పిలకలు సాగే వానాకాలంలో కాక, అది దాటాక, మూడు నాలుగేళ్ళు ముదిరిన బొంగులను నరకాలి. కణుపుల మధ్య గోడలకు బెజ్జాలు వేసి బోరాక్స్, బోరిక్ ఆమ్లం కలిపిన నీళ్ళలో కొన్ని రోజులు నానబెట్టాలి. బోరాన్ లవణాలు పురుగులకు, చెదలకు విషం. మనుషులకు ఆ మోతాదులో పెద్దగా హాని లేదు. కానీ అవి నీళ్ళలో కరుగుతాయి. అందుకే శుద్ధి చేసిన వెదురును కూడా వానలో తడిసే చోట వాడకూడదు. కప్పు లోపలికి, తడికలకు, అలమారలకు పరిమితం చేయాలి.

డోలు మోత

వంద మంది కూర్చునే గది కట్టి, గోడలకు నున్నగా సిమెంటు పూసి, గ్రానైట్ పరిచి 'సాంస్కృతిక మందిరం' అని పేరు పెట్టడం మన దేశంలో మామూలే. అందులో మైకు పట్టుకుని మాట్లాడితే ఒక్క మాటా అర్థం కాదు. కారణాన్ని హార్వర్డ్‌లో పనిచేసిన వాలెస్ సబీన్ 19వ శతాబ్దం చివర్లోనే తేల్చాడు. గదిలో శబ్దం చల్లారడానికి పట్టే కాలం ఆ గది ఘనపరిమాణాన్ని బట్టి పెరుగుతుంది, శబ్దాన్ని పీల్చుకునే ఉపరితలాలను బట్టి తగ్గుతుంది.

పది మీటర్ల పొడవు, ఎనిమిది వెడల్పు, నాలుగు ఎత్తు ఉన్న ఖాళీ గదిని తీసుకుందాం. అన్నివైపులా గట్టి సిమెంటు పూత ఉంటే, సబీన్ సూత్రం ప్రకారం శబ్దం చల్లారడానికి ఐదున్నర సెకన్లకు పైగా పడుతుంది. ఒక డోలు దెబ్బ చల్లారేలోపు ఇంకో పది దెబ్బలు దాని మీద పడతాయి. అదే గదిలో పైకప్పుకు మాత్రం శబ్దంలో సగాన్ని పీల్చుకునే వెదురు తడికలు, వాటి వెనక గడ్డి పొర పెడితే ఆ కాలం సుమారు 1.1 సెకన్లకు దిగుతుంది. మాటకూ పాటకూ పనికొచ్చే స్థాయి అది. మనుషులు కూర్చుంటే ఇంకా తగ్గుతుంది. గోడల నిండా బుట్టలు, చీరలు వేలాడే అంగడి దానంతట అదే కొంత మంచి సంగీత గది కావడం ఇందులో కలిసొచ్చే విషయం. అమ్మకపు సరుకే శబ్దాన్ని పీల్చుకుంటుంది.

అయితే బయటికి పోయే శబ్దం మాటేమిటి? బరువైన మట్టి గోడ శబ్దాన్ని బాగా ఆపుతుంది కానీ, గాలి కోసం మనం పెట్టిన కిటికీలు ఆపవు. గాలి వచ్చే దారినే మోత కూడా పోతుంది. నా ఉద్దేశంలో దీనికి యంత్రాలతో పరిష్కారం వెతకడం దండగ. బస్తర్ డోళ్ళు నాలుగు గోడల మధ్య వాయించడానికి పుట్టినవి కావు. మన మండువా లోగిలిలా నడుమ వాకిలి వదిలి, దాని తెరిచిన వైపును ఇళ్ళకు దూరంగా పొలాల వైపుకు తిప్పితే ఆటపాటలు అక్కడే సాగుతాయి. లోపలి గదిని పాఠాలకు, రికార్డింగుకు, వానాకాలానికి ఉంచుకోవచ్చు.

ఇత్తడి పొగ

డోక్రా పని చూపించకుండా కొండగావ్ దగ్గర ఇలాంటి కేంద్రం కట్టడంలో అర్థం లేదు. మట్టి ముద్దపై తేనెమైనాన్ని, జంతికల గిద్దెలాంటి సాధనంతో తీసిన సన్నటి దారాలుగా చుట్టి బొమ్మకు రూపం ఇస్తారు. దానిపై మెత్తని మట్టి, ఆపైన ముతక మట్టి మెత్తి కాలుస్తారు. మైనం కరిగి పోయిన ఖాళీలోకి కరిగిన ఇత్తడి చేరుతుంది. మట్టి పగలగొడితే బొమ్మ. మొహెంజొదారోలో దొరికిన నర్తకి బొమ్మను పోతపోసింది ఈ మైనపు పద్ధతిలోనే.

మైనపు పని శుభ్రమైనది. అంగడి మధ్యలో కూర్చుని చేయవచ్చు, కొనేవాళ్ళు పక్కనే నిలబడి చూడవచ్చు, పిల్లలు నేర్చుకోవచ్చు. పోత పని అలా కాదు. ఇత్తడి అంటే రాగి, జింకుల మిశ్రమం. అది పూర్తిగా కరగడానికి 900 డిగ్రీలు దాటాలి. జింకు మరిగేది 907 డిగ్రీల వద్ద. అంటే ఇత్తడి కరిగే వేడిలో అందులోని జింకు కొంత ఆవిరై, గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి తెల్లటి జింక్ ఆక్సైడ్ పొగ అవుతుంది. దాన్ని పీల్చినవారికి కొన్ని గంటల తర్వాత చలి, జ్వరం, ఒళ్ళు నొప్పులు వస్తాయి, ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతాయి. అలా తగ్గిపోతుంది కాబట్టే చాలామంది అది మామూలు జ్వరమనుకుంటారు. పాత సామాన్లు కరిగించినప్పుడు వాటిలో సీసం ఉంటే ప్రమాదం మరింత పెద్దది. సీసం ఒంట్లో పేరుకుపోతుంది, పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది.

కాబట్టి కొలిమి ఈ కప్పు కింద ఉండకూడదు. వాకిలికి అవతల, గాలి భవనం వైపు కాక బయటికి వీచే దిశలో, ఎత్తైన పొగగొట్టంతో విడిగా ఉండాలి. పిల్లలు దూరంగా అరుగుపై నుంచి చూడాలి. కరిగించే తుక్కు ఎక్కడిదో తెలిసి ఉండాలి. ఈ ఒక్క విషయంలో ఖర్చు తగ్గించుకోవడానికి చోటు లేదు.

పొగ తర్వాత సరుకుకు పెద్ద శత్రువు తేమ. గాలిలో తేమ 60, 70 శాతం దాటితే ఇనుముకు తుప్పు వేగం పెరుగుతుంది, బుట్టలకు, కొయ్యకు బూజు పడుతుంది. బస్తర్ వానాకాలం నెలల తరబడి ఆ గీతకు పైనే ఉంటుంది. అలమారలను గోడకు ఒక జానెడు ఎడంగా, నేలకు ఎత్తుగా పెట్టి వెనక గాలి ఆడనివ్వడం, ఇనుప వస్తువులకు వానలు మొదలవక ముందే వార్నిష్ పూయడం చవకైన మార్గాలు. అలమారలకు చక్రాలుంటే సాయంత్రం వాటిని పక్కకు తోసేసి నేలంతా ఆటకు ఖాళీ చేయవచ్చు.

నీళ్ళు, కరెంటు, ఇంటిదారి

200 చదరపు మీటర్ల కప్పుపై ఏడాదిలో పడే వానలో 80 శాతం పట్టుకున్నా 2,24,000 లీటర్లు వస్తాయి. అయితే అందులో అధిక భాగం నాలుగు నెలల్లోనే వస్తుంది. దాన్నంతా దాచే తొట్టి భవనమంత ఖర్చవుతుంది. 20,000 లీటర్ల తొట్టి రోజుకు 500 లీటర్ల చొప్పున నలభై రోజులు నడుపుతుంది. మిగతాదాన్ని ఇంకుడు గుంతకు వదలడమే తెలివైన పని.

కరెంటు అవసరం అనుకున్నంత లేదు. పగలు అంగడి ఫ్యాన్లకు, దీపాలకు మూడు యూనిట్లు, సాయంత్రం దీపాలు, ఫ్యాన్లు, కంప్యూటర్లు, రికార్డింగు పరికరాలకు నాలుగు గంటల్లో మరో నాలుగు యూనిట్లు. రెండు కిలోవాట్ల సౌర పలకలు ఎండ రోజున ఎనిమిది యూనిట్ల దాకా ఇస్తాయి. వానాకాలంలో అది సగానికి పడిపోవచ్చు కాబట్టి గ్రిడ్ కనెక్షన్ వదులుకోకూడదు. బ్యాటరీ పరిమాణాన్ని సాయంత్రపు నాలుగు యూనిట్లను బట్టి లెక్కించాలి, మొత్తం ఏడింటిని బట్టి కాదు. పగటి వాడకం ఎండలోంచే నేరుగా తీరిపోతుంది.

సాధారణంగా ఎవరూ లెక్కలో వేయని మరో యూనిట్ ఉంది. కేంద్రం రాత్రి ఎనిమిదింటికి మూసేస్తే, ఆడపిల్లలు ఊరి రోడ్డు దాకా నడిచి వెళ్ళాలి. ఆ దారి చీకటిగా ఉంటే నెల తిరిగేసరికి వాళ్ళు రావడం మానేస్తారు, డోళ్ళు వాయించే మగపిల్లలే మిగులుతారు. పది వాట్ల దీపాలు పదిహేను, ఆరు గంటలు వెలిగినా ఒక యూనిట్‌కు లోపే. దానికి కావలసిన పలకను, బ్యాటరీని మొదటి అంచనాలోనే చేర్చాలి. భవనం పూర్తయ్యాక మిగిలిన డబ్బుతో వేద్దామనుకున్న దీపాలు సాధారణంగా పడవు.